వెలుగును కుట్టిన తండాలు

లంబాడీ ఆడవాళ్లు తొడుక్కునే పాతకాలపు కాంచళిని, అంటే రవికెను, నేల మీద చదునుగా పరిచి చూస్తే ముందు కనిపించేది లెక్క. ఎర్రగుడ్డ మీద ఒక చతురస్రం, దాని లోపల ఇంకో చతురస్రం, నడిమధ్య రూపాయి బిళ్లకన్నా చిన్నదైన అద్దం. చుట్టూ రంపపు పళ్లలా త్రికోణాల వరస: ఒకటి పసుపు, ఒకటి నలుపు, మళ్లీ పసుపు, మళ్లీ నలుపు. ఆ పైన తెల్లదారంతో వంకరటింకర గీత. నెమలి, ఏనుగు, తీగ, దేవుడి బొమ్మ వంటివి అరుదు. గీత, కోణం, గడి, చుక్క, ఈ నాలుగింటితోనే పని దాదాపు మొత్తం నడిచిపోతుంది.

అదే కాంచళిని ఒక మనిషి తొడుక్కుని ఎండలోకి వచ్చిందనుకోండి, లెక్క మారిపోతుంది. ఊపిరి తీస్తే అద్దాలు మెరుస్తాయి. చెయ్యెత్తితే మెరుపు భుజం నుంచి మోచేతి దాకా జారుతుంది. పేటియా (లంగా) కుచ్చిళ్లు విచ్చుకుని ముడుచుకుంటుంటే అంచు మీది త్రికోణాలు పరుగు తీస్తున్నట్టు ఉంటాయి. కుట్టిన గీత కుట్టిన చోటే ఉంది, కదులుతున్నది చూసేవాళ్ల కన్ను.

ఇలా కంటికి కదలికను పుట్టించే రేఖాచిత్రాలకు పడమటి దేశాల్లో ఒక పేరు పడింది, ఆప్ ఆర్ట్ అని. 1964లో అమెరికా పత్రికల్లో ఆ మాట వాడుకలోకి వచ్చింది. 1965 ఫిబ్రవరిలో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో విలియం సైట్జ్ ఏర్పాటు చేసిన 'ది రెస్పాన్సివ్ ఐ' ప్రదర్శనతో అది లోకమంతటికీ తెలిసింది. హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన విక్టర్ వాసరెలీ, లండన్‌కు చెందిన బ్రిజెట్ రైలీ అందులో ముఖ్యులు. రైలీ 1961లో వేసిన 'మూవ్‌మెంట్ ఇన్ స్క్వేర్స్' చదరంగం గళ్లతోనే తయారైన బొమ్మ. గళ్లు ఒక వైపుకు పోతూ పోతూ సన్నబడతాయి. అంతే, చదునైన పలక మధ్యలో లోయ పడ్డట్టు అనిపిస్తుంది.

ఆ ప్రదర్శన రోజుల్లోనే ఒక గొడవ జరిగింది. రైలీ బొమ్మను కొన్న దుస్తుల వ్యాపారి లారీ ఆల్డ్‌రిచ్, ఆ గీతలనే బట్ట మీదికి ఎక్కించి గౌన్లు కుట్టించాడు. న్యూయార్క్ దుకాణాల అద్దాల వెనక తన బొమ్మలు ఒంటి మీది బట్టలై వేలాడటం చూసి రైలీ మండిపడింది. తన అనుమతి లేకుండా జరిగిన పని గనుక ఆమె కోపం న్యాయమైనదే. కానీ ఆ సంఘటనను నారాయణఖేడ్ వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి తడుతుంది. న్యూయార్క్‌లో గీత గోడ మీద పుట్టి ఒంటి మీదికి వచ్చింది. ఇక్కడి తండాల్లో అది ఒంటి మీదే పుట్టింది, ఒంటితోనే ఊళ్లు దాటింది. దాన్ని గోడకు తగిలించాలన్న ఆలోచన చాలా ఆలస్యంగా, బయటివాళ్లకు వచ్చింది.

నారాయణఖేడ్‌ను చుట్టుపక్కల వాళ్లు ఖేడ్ అనే అంటారు. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016కు ముందు మెదక్ జిల్లా. ఇంకా వెనక్కి, 1956 నవంబరుకు ముందు, హైదరాబాద్ రాష్ట్రపు బీదర్ జిల్లాలో అదొక తాలూకా. భాషల వారీగా రాష్ట్రాలను విడదీసినప్పుడు బీదర్ మైసూరుకు పోయింది, ఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. అటు పక్కన నాందేడ్ జిల్లా దేగ్లూరు బొంబాయి రాష్ట్రానికి పోయి, 1960లో మహారాష్ట్రలో చేరింది. కంగ్టి, మనూరు, కల్హేర్, నాగల్‌గిద్ద, సిర్గాపూర్ చుట్టూ ఉన్న తండాలకు కాస్త దూరంలోనే మూడు రాష్ట్రాల హద్దులు కలుస్తాయి. తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ అన్నీ సంతలో వినిపిస్తాయి. ఇంట్లో మాత్రం లంబాడీల సొంత భాష గోర్‌బోలి.

ఆ హద్దులు కాగితాల మీద ఎంత బలంగా ఉన్నాయో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. తెలంగాణ లంబాడీలకు 1976 నాటి సవరణ చట్టంతో షెడ్యూల్డ్ తెగ హోదా వచ్చింది. గీత దాటి కర్ణాటకలోకి వెళ్తే, బంజారాలని కూడా పిలిచే అదే జనం షెడ్యూల్డ్ కులం. మహారాష్ట్రలోకి వెళ్తే విముక్త జాతి. పెళ్లిసంబంధాలు, పండుగలు, బంజారాల పుణ్యక్షేత్రం పోహ్రాదేవి మొక్కులు మూడు వైపులా కలిసే నడుస్తాయి. కుట్టుపనీ అంతే. అత్తగారింటికి వెళ్లే పిల్ల తన చేతికొచ్చిన కుట్టును కూడా వెంట తీసుకెళ్తుంది. కాబట్టి ఇది తెలంగాణ కళా, కర్ణాటక కళా అన్న ప్రశ్న ఖేడ్ వైపు నిలబడదు.

మరి ఈ కుట్టు ఇక్కడికెలా చేరింది? ఎద్దుల వెంట.

బంజారాలు రాజస్థాన్ వైపు నుంచి దక్కనుకు వచ్చారని వాళ్ల పాటలూ, భాషా, గోత్రాలూ చెబుతాయి. మొగల్ సైన్యాలు దక్కను మీదికి దండెత్తినప్పుడు వాటికి తిండిగింజలు మోసినవాళ్లు వీళ్లే. 1632లో పీటర్ మండీ అనే ఆంగ్ల వర్తకుడికి దారిలో ఒక తండా ఎదురైంది. అందులో గింజల బస్తాలు మోస్తున్న ఎద్దులు 14,000 అని అతను రాసుకున్నాడు. ఆ శతాబ్దంలోనే ఈ దారుల్లో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టవెర్నియర్ కూడా పది పన్నెండు వేల ఎద్దుల గుంపులను చూశాడు. వాళ్లలో నాలుగు తెగలున్నాయనీ, ఒకరు ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు, ఎవరి సరుకు వాళ్లే మోస్తారనీ చెప్పాడు. 1791-92లో టిప్పు సుల్తాను మీదికి వెళ్లిన కార్న్‌వాలిస్ సైన్యానికి గింజలు అందించినవాళ్లూ బంజారాలే.

అప్పట్లో తండా అంటే ఊరు కాదు, నడిచే గుంపు. పిల్లాపాపలు, కుక్కలు, గింజలు, దేవుళ్లు, సామాన్లు అన్నీ ఎద్దుల మీదే. ఇంటికి గోడ లేనివాళ్లు రంగులు ఎక్కడ వేసుకుంటారు? ఒంటి మీది బట్ట మీద, గోనెసంచి మీద, ఎద్దు కొమ్ముల కప్పు మీద, నీళ్లబిందె కింద పెట్టుకునే చుట్టకుదురు మీద. బంజారాల సామానులో కుట్టు లేని గుడ్డ అరుదుగా ఉండటానికి కారణం ఇదే. పాత సంచుల్లో గుడ్డను రెండు మూడు పొరలుగా వేసి దగ్గర దగ్గరగా దారం పోనిచ్చేవారు. అందం ఎంత ముఖ్యమో, ఎద్దు వీపు మీద రాపిడికి చిరక్కుండా ఉండటమూ అంతే ముఖ్యం.

అద్దం సంగతి కొంచెం నిదానంగా చూడాలి. అద్దం బిళ్లకు చిల్లు ఉండదు, సూది దూర్చడానికి చోటు లేదు. అందుకని ముందు బిళ్ల మీదుగా రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా బిగువుగా లాగుతారు. ఆ నాలుగింటి మధ్య అద్దం బందీ అవుతుంది. తర్వాత సూదిని ఒకసారి ఆ దారాల కింద నుంచి, ఒకసారి గుడ్డలో నుంచి పోనిస్తూ చుట్టూ తిరుగుతారు. తిరిగేకొద్దీ నాలుగు దారాలు పక్కలకు లాగబడి మధ్యలో గుండ్రటి కిటికీ తెరుచుకుంటుంది. చుట్టూ దారంతో లేచిన గట్టు తయారవుతుంది. ఆ గట్టు అద్దం అంచును కప్పుతుంది, దాని మీద చిన్న నీడ కూడా వేస్తుంది. అందుకే మధ్యలోని మెరుపు మరింత పదునుగా కనిపిస్తుంది. చుట్టూ నీడ లేని వెలుగు ఇంతగా కొట్టదు.

పాత అద్దాలకూ ఇప్పటి అద్దాలకూ తేడా ఉంది. పాతవి ఊదిన గాజుబుడగల నుంచి వచ్చేవి. గాజును పెద్ద బుడగలా ఊది, లోపలి వైపు లోహపు పూత పోసి, చల్లారాక పగలగొట్టి ముక్కలు చేసేవారు. గుజరాత్‌లోని కపడ్వంజ్ ఈ పనికి పేరుపడ్డ ఊరు. బుడగలోంచి వచ్చిన ముక్క కనుక దానికి సన్నని ఉబ్బు ఉంటుంది, అంచులూ ఒకేలా ఉండవు. ఇప్పుడు సంతలో దొరికేవి యంత్రం కోసిన చదునైన బిళ్లలు.

ఈ ఉబ్బు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కళంతా అందులోనే ఉంది. అద్దాన్ని ఒక డిగ్రీ తిప్పితే దాని మీద నుంచి వెళ్లే వెలుగు రెండు డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒంటి కదలికను అద్దం రెట్టింపు చేస్తుంది. చదునైన అద్దమైతే సూర్యుడు సరిగ్గా ఒక కోణంలో ఉన్నప్పుడే కళ్లు జిగేల్‌మనేలా కొడుతుంది, మిగతా అంతసేపూ మొద్దుగా ఉంటుంది. ఉబ్బెత్తు అద్దంలో ఎటు తిరిగినా ఎక్కడో ఒకచోట సూర్యుడు చుక్కలా దొరుకుతాడు. నడుస్తున్నకొద్దీ ఆ చుక్క అద్దం లోపలే జారుతుంది. ఒక కాంచళి మీద అలాంటి చుక్కలు పదులకొద్దీ, ఒక్కొక్కటి ఒక్కో వేగంతో. పారిస్‌లో 1955లో డెనీస్ రెనె గ్యాలరీ 'ల మూవ్‌మాఁ' ప్రదర్శన పెట్టి కదిలే కళను లోకానికి చూపించింది. చూసేవాడు కదిలితే రంగు మారే పలకలను వెనెజ్వెలా చిత్రకారుడు క్రూజ్-డియెజ్ ఆ తర్వాతి దశాబ్దాల్లో చేశాడు. గొప్ప పనులవి. వాటి పక్కన ఈ కాంచళిని నిలబెట్టడానికి ఎలాంటి మొహమాటమూ అక్కర్లేదు.

అద్దాలు ఎందుకని అడిగితే తండాల్లో ఒకరు దిష్టి తగలకుండా అంటారు, ఇంకొకరు అడవిదారిలో జంతువులు బెదిరిపోవడానికి అంటారు, మరొకరు పొడవాటి బిడారులో మనవాళ్లెక్కడున్నారో దూరం నుంచి తెలియడానికి అంటారు. మూడూ నమ్మదగినవే. మూడింటికీ మూలం ఒకటే, దూరం నుంచి కంటిని పట్టి లాగడం.

రంగుల విషయంలోనూ ఇంతే తెలివి కనిపిస్తుంది. ఎరుపు నేల మీద ఎరుపుకు దగ్గరి రంగులు ఎక్కువ వాడరు. పసుపు, తెలుపు, నలుపు, నీలం, ఆకుపచ్చ, ఒకదాన్నొకటి తోసుకునేవే ఎంచుకుంటారు. ఫ్రాన్సులో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త గొబెలిన్ రాజ నేత కార్ఖానాలో అద్దకాల అధికారిగా ఉన్నప్పుడు నల్లదారం చాలినంత నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. అతను పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా రంగులే నలుపును వెలవెలబోయేలా చేస్తున్నాయి. దాని మీద అతను 1839లో అచ్చేసిన పుస్తకం ఆ తర్వాతి చిత్రకారుల చేతుల్లో పాఠ్యపుస్తకమైంది. పక్కరంగు మారితే అసలు రంగు మారుతుందన్న ఆ సూత్రం నేతశాల నుంచే పుట్టిందన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. తండా ముసలమ్మ పసుపు త్రికోణం పక్కన నలుపే ఎందుకు పెడుతుందో వివరించకపోవచ్చు. పక్కన గులాబీ రంగు పెడితే మాత్రం విప్పేస్తుంది.

దారం దిక్కు ఇంకో ఉపాయం. ఒకే పసుపుదారాన్ని ఒక గడిలో నిలువుగా, పక్కగడిలో అడ్డంగా కుడితే రెండు గళ్లూ రెండు ఛాయల్లో కనిపిస్తాయి. వెలుగు దారం పొడవునా ఒక తీరుగా, అడ్డంగా ఇంకో తీరుగా పడుతుంది మరి. మనిషి పక్కకు తిరిగిందంటే ముదురు గడి లేతదవుతుంది, లేతది ముదురవుతుంది. రంగు కొనకుండానే రంగు సంపాదించడమంటే ఇదే.

ఖేడ్ పాత జిల్లా కేంద్రమైన బీదర్ కోటలో వెలుగుతో ఆడిన పని ఇంకోటి ఉంది, రంగీన్ మహల్. పదహారో శతాబ్దంలో అలీ బరీద్ కాలంలో నల్లరాతిలో ముత్యపుచిప్పల ముక్కలు పొదిగి తీర్చిన గోడలవి. బిద్రీ పని కూడా ఆ ఊరిదే, కోట మట్టితో నల్లబరచిన లోహం మీద తెల్లటి వెండిగీత. నలుపు మీద మెరుపు అన్న రుచి ఈ నేల మీద పాతదేనని తెలుస్తుంది. లంబాడీ కుట్టు దాని నుంచి పుట్టిందని చెప్పడానికి ఆధారం లేదు, చెప్పాల్సిన పనీ లేదు. తేడా మాత్రం గమనించదగ్గది. రంగీన్ మహల్‌లో గోడ నిలబడి ఉంటుంది, మెరుపు కోసం మనమే అటూ ఇటూ తల తిప్పాలి. తండాలో మనం నిలబడితే చాలు, మెరుపే మన ముందు నుంచి వెళ్తుంది.

బిడారుల కాలం పందొమ్మిదో శతాబ్దంలో ముగిసింది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు నడిచింది. రోడ్లు పడ్డాయి. ఎద్దు మోసే ఉప్పు, గింజలు రైలుపెట్టెలోకి ఎక్కాయి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం, తిరిగే జనం మీదే అనుమానపు ముద్ర వేసింది. బంజారాల్లోనూ కొన్ని గుంపులు ఆ ముద్ర మోశాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ అది పోలేదు. తండాలు అడవి అంచుల్లో, గుట్టల వాలుల్లో, ఎవరూ దున్నని చెలకల్లో దిగిపోయాయి. నడిచే గుంపు పేరు నిలిచిపోయిన ఊరి పేరైంది. తెలంగాణ ప్రభుత్వం 2018లో ఎన్నో తండాలను గ్రామపంచాయతీలుగా మార్చింది. ఆ ఊళ్ల బోర్డుల మీద 'తండా' అన్న మాట ఇంకా ఉంది.

పని మారినా ప్రయాణం పూర్తిగా ఆగలేదు. ఖేడ్ వైపు తండాల నుంచి చెరకు కోతకు, హైదరాబాద్‌లో ఇళ్ల కట్టుబడికి వలసలు ఏళ్ల తరబడి సాగాయి. అయితే కుట్టుకు కావలసిన తీరిక ఆ ప్రయాణంలో లేదు. బిడారు ఎద్దుల నడకతో నడిచేది, మధ్యాహ్నం చెట్టుకింద ఆగేది, వానాకాలమంతా ఒకచోట దిగేది. కూలిపనిలో పొద్దు మొదలైతే చీకటి పడేదాకా చెయ్యి ఖాళీ ఉండదు. మిల్లు బట్ట, రెడీమేడ్ చీర చౌకగా దొరికాయి. బడికి వెళ్లిన ఆడపిల్లలు పేటియా కట్టుకుని వెళ్తే బస్సుల్లో, తరగతుల్లో చూపులు గుచ్చుకున్నాయి. అమ్మ కట్టింది, బిడ్డ వదిలేసింది. బరువైన పేటియా, చేతినిండా గాజులు, జుట్టుకు వేలాడే ఘుగ్రీలతో రోజంతా పని చేయడం సుఖమైన సంగతేమీ కాదు. వాటిని వదిలిన అమ్మాయిలను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

వదిలేసిన గుడ్డలు మాత్రం ఎక్కడికో పోయాయి. పాత పేటియాలను, కాంచళులను కొని, కోసి, సంచులుగా దిండుగలేబులుగా కుట్టి అమ్మే వ్యాపారం బయలుదేరింది. గోవా అంజునా సంతలో విదేశీయులు వాటిని బేరమాడి కొన్నారు. ఒక పేటియా అంచును నాలుగు ముక్కలు చేస్తే నాలుగు సంచులవుతాయి. కానీ అంచు పొడవునా పరుగెత్తాల్సిన త్రికోణాలు అక్కడితో ఆగిపోతాయి. విదేశీ మ్యూజియాలు, సేకర్తలు కూడా మంచి పాతవి దాచుకున్నారు. కెనడాకు చెందిన చార్లట్ క్వాన్, టిమ్ మెక్‌లాక్లిన్ 2016లో బంజారా బట్టల మీద పెద్ద బొమ్మల పుస్తకమే తెచ్చారు. చాలాచోట్ల వీటి పక్కన ఉండే చీటీలో తెగ పేరు, ప్రాంతం ఉంటాయి, కుట్టినామె పేరు ఉండదు. రైలీ బొమ్మ పక్కన రైలీ పేరు లేకుండా ఏ మ్యూజియమైనా పెడుతుందా?

పెట్టె లోపల, మసక దీపం కింద, కదలకుండా పిన్నులతో బిగించిన కాంచళి అందంగానే ఉంటుంది. దారం వెలిసిపోకుండా ఉండాలంటే అలాగే ఉంచాలి కూడా. అయితే దాని పని అక్కడ కనిపించదు. కనిపించాలంటే శ్రావణంలో తీజ్ నాడు తండాకు వెళ్లాలి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ విత్తి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. చివరి రోజున బుట్టలు మధ్యలో పెట్టి చుట్టూ వలయంగా ఆడతారు. అందరూ ఒక్కసారి ముందుకు వంగుతారు, చప్పట్లు కొట్టి లేస్తారు, ఒక అడుగు పక్కకు జరుగుతారు. వంగినప్పుడు వీపుల మీది అద్దాలు, లేచినప్పుడు ఎదల మీదివి, తిరిగినప్పుడు పేటియా అంచులు. వలయం ఒక వైపు తిరుగుతుంటే మెరుపు ఇంకో వైపు పోతున్నట్టు అనిపిస్తుంది. ఇప్పుడు ఆ రోజు వేసుకునేవి చాలావరకు కొత్తగా కుట్టించినవో, అద్దెకు తెచ్చినవో. చెమ్కీలు, యంత్రపు అల్లికలు, మెరిసే పాలిస్టర్. అయినా అడుగు అదే, వంగడం అదే, ఎండ అదే.

ఖేడ్ నుంచి దక్షిణంగా, కర్ణాటక బళ్లారి వైపు ఉన్న సండూరులో ఈ కుట్టును బతుకుదెరువుగా నిలబెట్టే పని దశాబ్దాలుగా సాగుతోంది. సండూరు కుశల కళా కేంద్రంలో లంబాణీ (లంబాడీ) మహిళలు కుడతారు. 2010లో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జులైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశాలు జరిగినప్పుడు సండూరు కేంద్రం మహిళలు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట పేర్చి గిన్నిస్ పుస్తకానికి ఎక్కించారు. ఆ రికార్డు కన్నా విలువైనది భౌగోళిక గుర్తింపు కోసం రాసిన కాగితాల్లో ఉంది. కిలన్, వెలె, బక్యా, మాకీ, కాన్స్, రేలో, గద్రీ, పోటే, నక్రా, ఇలా ఒక్కో కుట్టుకూ తండాలో పలికే పేరు అందులో నమోదైంది. కుట్టేవాళ్ల నోటి మాట ప్రభుత్వ దస్త్రంలోకి వెళ్లింది.

ఖేడ్ వైపు చేయాల్సిన పని కూడా అదే. ఇక్కడి కుట్టుకు సండూరు జాబితాను అతికిస్తే సరిపోదు. ఒక తండాలో ఒక పేరు, పక్క తండాలో ఇంకో పేరు, దేగ్లూరు నుంచి వచ్చిన కోడలి నోట మరాఠీ కలిసిన మూడో పేరు ఉండొచ్చు. డెబ్బై ఎనభై ఏళ్ల యాడీల (అమ్మల) పక్కన కూర్చుని ఏ కుట్టు ఎవరి దగ్గర నేర్చారో, ఏది పెళ్లి కాంచళికి, ఏది రోజువారీ సంచికి అన్నది అడిగి, గోర్‌బోలి మాటను తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు రాయాలి. చెప్పినామె పేరూ తండా పేరూ ఆమె ఒప్పుకుంటే పక్కనే రాయాలి. ఆ పని చేయగలవాళ్లు బయటి నుంచి రానక్కర్లేదు. ఆ యాడీల చదువుకున్న మనవరాళ్లు ఆ తండాల్లోనే, ఖేడ్ కాలేజీల్లోనే ఉన్నారు. వాళ్లకు గోర్‌బోలి వచ్చు, తెలుగు రాయడం వచ్చు, జేబులో కెమెరా ఉన్న ఫోనూ ఉంది.